సముద్రం లావాను ఆర్పేయదా?

"నీళ్లు నిప్పును ఆర్పేస్తాయి కదా, మరి సముద్రంలో అగ్నిపర్వతం నుంచి దీవి ఎలా పుట్టింది?" అని మీ పాప పట్టుబట్టడానికి కారణం, లావాను మంట అనుకోవడమే. లావా కరిగిన రాయి. నీళ్లు తగిలితే చల్లారి గట్టిపడుతుంది.

1. పాపతో అగ్నిపర్వతాన్ని సముద్రం అడుగు నుంచి గీయించండి. ఐస్‌లాండ్ దగ్గరి సర్ట్‌సీ దీవి సుమారు 130 మీటర్ల లోతు నుంచి పెరిగి, 1963 నవంబరులో నీటిపైకి వచ్చింది.

2. చాలామంది వదిలేసేది ఇదే: పైకి రాగానే కథ అయిపోదు. మొదట పోగయ్యేది వదులు బూడిద. అలలు దాన్ని ఇట్టే కోసేస్తాయి. సర్ట్‌సీ పక్కనే పుట్టిన రెండు చిన్న దీవులు అలాగే కొట్టుకుపోయాయి. సర్ట్‌సీ మీద మాత్రం 1964లో లావా పారి గట్టి రాతి కప్పు పడింది. అందుకే నిలిచింది.

3. పళ్లెంలో ఇసుక కుప్ప పోసి, సగం మీద రాళ్లు పేర్చి, నీళ్లు పోసి ఊపండి. ఏ సగం మిగిలిందో, ఎందుకో తనే చెబుతుంది.