రిటైర్మెంట్ డబ్బులో 6 లక్షలు రైలు మోడళ్ళకా?

ప్రశ్న: లాలాగూడ వర్క్‌షాప్‌లో 34 ఏళ్ళు కోచ్‌లు బాగుచేసి, సీనియర్ సెక్షన్ ఇంజనీర్‌గా రెండు నెలల క్రితం రిటైరయ్యాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకున్న డబ్బు), లీవ్ డబ్బులు, పీఎఫ్ అన్నీ కలిపి 62 లక్షలు వచ్చాయి. పెన్షన్ 47 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు. హౌసింగ్ లోన్ ఇంకా 5.5 లక్షలు ఉంది, ఈఎంఐ 11 వేలు. పిల్లలు స్థిరపడ్డారు. చిన్నప్పటి నుంచి ఒకటే కోరిక, ఇంట్లో మా 12 అడుగుల గదిలో హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు) మోడల్ రైళ్ళు నడపాలని. గోదావరి, గోల్కొండ, ఈస్ట్ కోస్ట్ మూడు రేకులు (ఇంజన్ వెనక కోచ్‌ల వరసలు), 18 కోచ్‌ల చొప్పున కొనాలని లెక్క వేస్తే 6 లక్షలు తేలింది. ఇవి లిమిటెడ్ ఎడిషన్లనీ, పదేళ్ళలో రేటు పెరుగుతుందనీ అమ్మే ఆయన అంటున్నాడు. దీన్ని ఇన్వెస్ట్‌మెంట్ అనుకోవచ్చా? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

జవాబు: ముందు ఆ ఇన్వెస్ట్‌మెంట్ అనే మాట పక్కన పెట్టేద్దాం సార్. రైళ్ళు కొనొద్దని నేను అనను. మీ ఉత్తరంలో నాకు నచ్చిన భాగమే అది. కానీ దాన్ని ఖర్చుల ఖాతాలో రాసుకోండి, తీర్థయాత్ర ఖర్చు రాసుకున్నట్టు. పెట్టుబడి అని పేరు పెట్టుకుంటే, దానికింక ఎంత పోసినా తప్పనిపించదు.

కొన్నేళ్ళ క్రితం నా క్లయింట్ ఒకరు పోయారు. ఆయన భార్య నన్ను పిలిచి బీరువా చూపించారు. విదేశాల నుంచి తెప్పించిన ఇంజన్లు, కోచ్‌లు, నలభై దాకా డబ్బాలు. సగానికి పైగా సీలు కూడా తీయలేదు, తీస్తే రేటు పడిపోతుందని ఆయన భయం. ఒక ఇంజన్ తీసి పట్టాల మీద పెడితే కదల్లేదు. గేర్లలో గ్రీజు మైనంలా గట్టిపడిపోయింది. బిల్లులు లేవు, ఏది ఎంతకి కొన్నారో ఆవిడకు తెలియదు. చివరికి ఒక డీలరు వచ్చి అన్నిటికీ కలిపి ఒకే రేటు చెప్పి, ఆటోలో వేసుకుని పోయాడు. కార్డు స్టేట్‌మెంట్లు తిరగేసి నేను లెక్క కట్టినదాంట్లో నాలుగో వంతు కూడా రాలేదు.

ఇది మన దగ్గరే ఇంతని కాదు. అమెరికాలో లయనెల్ కంపెనీ బొమ్మ రైళ్ళతో ఆడుకుని పెరిగిన తరం పెద్దదయ్యేకొద్దీ వాళ్ళ సేకరణలన్నీ అమ్మకానికి వచ్చాయి, మామూలు మోడళ్ళ రేట్లు దిగిపోయాయి. తయారుచేసే కంపెనీల సంగతే చూడండి. లయనెల్ 2004లో, జర్మనీలోని మార్క్‌లిన్ 2009లో దివాలా పిటిషన్ వేశాయి. రెండూ మళ్ళీ నిలదొక్కుకున్నాయి, అది వేరే సంగతి. అమ్ముకోవాలంటే రేటు కాదు, కొనేవాడు ఉండాలి. గోల్కొండ రేకు కోసం తపించేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

పన్ను సంగతి కూడా చెప్తాను. సొంత వాడకానికి ఉంచుకున్న ఇలాంటి వస్తువుల్ని ఆదాయపు పన్ను చట్టం క్యాపిటల్ అసెట్‌గా, అంటే అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తిగా, చూడదు. నగలు, పెయింటింగుల్లాంటివి మాత్రమే దానికి మినహాయింపు. కాబట్టి ఎప్పుడైనా లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ ఉండదు, నష్టం వచ్చినా దేనిలోనూ సర్దుకోలేరు. లాభం కోసమే కొని అమ్ముతుంటే మాత్రం అది వ్యాపారం, లెక్క మారిపోతుంది.

ఇక మీ 6 లక్షల లెక్కకి వద్దాం. కోచ్‌ల సైజు మీకు నేను చెప్పాలా? ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ రకం) కోచ్ 21.3 మీటర్లు. హెచ్‌ఓ అంటే 87వ వంతు, అంటే సుమారు 24.5 సెంటీమీటర్లు. 18 కోచ్‌లూ ఇంజనూ కలిపితే దగ్గర దగ్గర 4.7 మీటర్లు. మీ గది 12 అడుగులు అన్నారు, అంటే 3.66 మీటర్లు. ఇంజన్ మూల తిరిగేసరికి గార్డు డబ్బా ఇంకా వెనక గోడ దగ్గరే ఉంటుంది. పైగా 18 అంగుళాల రేడియస్ వంపులో ఇంత పొడుగు కోచ్‌లు పట్టా బయటకి వేలాడతాయి. 24 అంగుళాలన్నా కావాలి, బల్ల వెడల్పు నాలుగున్నర అడుగులు దాటుతుంది. అందుకే ఈ హాబీలో పాతవాళ్ళు రేకుని కుదిస్తారు. ఒక ఏసీ, రెండు స్లీపర్లు, మూడు జనరళ్ళు, గార్డూ లగేజీ ఉండే ఎస్ఎల్ఆర్ ఒకటి. ఏడు కోచ్‌లు, ఇంజన్‌తో కలిపి 2 మీటర్లు. చూసేవాళ్ళకి అది గోదావరే. 54 కోచ్‌లు కొంటే అందులో 47 ఎప్పుడూ డబ్బాల్లోనే ఉంటాయి, నా క్లయింట్ బీరువాలోలాగా.

(ఇంకో మాట, ఇది డబ్బు విషయం కాదు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19కి పైగా వస్తుంది, హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. జీవితమంతా బోగీల కింద దూరి పనిచేసిన మీ కంటికి ఆ తేడా వెంటనే పడుతుంది. కొనేముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి.)

డబ్బు ఇలా సర్దండి. మొదట లోన్ కట్టేయండి. ఇప్పుడు 47 వేల పెన్షన్‌లోంచి 38 వేలు ఇంటికి, 11 వేలు ఈఎంఐకి పోతే నెలకి 2 వేలు తక్కువే పడుతోంది. లోన్ తీరితే నెలకి 9 వేలు మిగులుతాయి. ఫ్లోటింగ్ రేటు అయితే ముందుగా తీర్చినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. ఇంటి పత్రాలు, ఎన్ఓసీ తెచ్చుకునేదాకా వదలకండి.

తర్వాత సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు. నేనిది రాసేటప్పటికి వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 61,500. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్‌లో మీ ఇద్దరి పేరునా జాయింటుగా 15 లక్షలు, 7.4 శాతం లెక్కన నెలకి 9,250. అవసరానికి 4 లక్షలు ఎఫ్‌డీ, రసీదు బీరువాలో ఉండాలి, ఎక్కడుందో మేడమ్ గారికి తెలియాలి. మిగిలేది 7.5 లక్షలు. అందులో లక్షా పాతిక వేలు రైళ్ళకి తీసి, మిగతాది షేర్లూ బాండ్లూ కలిసిన హైబ్రిడ్ ఫండ్‌లో నెలనెలా కొంచెం చొప్పున వేయండి. ఏడేళ్ళు ముట్టుకోనని నమ్మకం ఉంటేనే. లేదంటే అదీ ఎఫ్‌డీనే. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి మామూలు సంవత్సరాల్లో మీకు పన్ను పడదు. ఈ ఏడాది జీతం కూడా కలుస్తుంది, ఒకసారి ఆడిటర్‌కి చూపించుకోండి. వైద్యానికి రైల్వేలో రిటైరైనవాళ్ళ ఆరోగ్య పథకం (ఆర్ఈఎల్‌హెచ్ఎస్) కార్డు ఉంటుంది కదా, అందులో మేడమ్ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆ టెన్షన్ అక్కడితో తీరిపోతుంది.

ఈ డిపాజిట్ల అసలు మొత్తాన్ని ముట్టుకోవద్దనడానికి ఒక కారణం ఉంది. మీ తర్వాత మొదటి కొన్నేళ్ళు దాటితే ఫ్యామిలీ పెన్షన్ చివరి బేసిక్ జీతంలో 30 శాతం మీదే లెక్క. అప్పుడు ఆవిడకి ఆసరా ఈ అసలే.

మొదటి ఏడాది ఆ లక్షా పాతికతో ఒక ఇంజన్, ఏడు కోచ్‌లు, ఒక లూపు పట్టాలు, కంట్రోలరు. మీరు చెప్పిన రేట్లకి సరిపోతాయి. బల్ల మీరే చేసుకోగలరు, కార్పెంటర్‌కి ఎందుకు ఇవ్వడం? ప్లైవుడ్‌కి చెద మందు మరిచిపోకండి. ఆ తర్వాత ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి 1న సీనియర్ సిటిజన్ స్కీమ్ వడ్డీ పడుతుంది. అందులోంచి 20 వేలు, అంతకి మించి ఒక్క రూపాయి వద్దు. ఐదేళ్ళలో 4 లక్షలు. మొదటిదానితో కలిపితే 5 లక్షల పాతిక వేలు, దాదాపు మీరు అనుకున్న మొత్తమే. అందులో అసలు నుంచి పోయింది ఆ లక్షా పాతిక ఒక్కటే. వడ్డీ పడేదాకా కొనలేరు కాబట్టి ఆ మూడు నెలలూ పాయింట్లు (రైలు దారి మార్చే పట్టాలు) బిగించడం, ప్లాట్‌ఫాం కట్టడం, దుమ్ము తుడవడం. దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకండి, సికింద్రాబాద్‌లో ఫ్యాను కింద వారం రోజులు ఉంచితే చక్రాలకి కరెంటు అందదు.

బయట నుంచి తెప్పించే ముందు కూడా లెక్క చూడండి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. షాపుల్లో రేట్లు అలా ఉండటానికి అదొక కారణం. మీ పేరున పార్సిల్ తెప్పించుకుంటే సుంకం రేటు వేరు, కానీ అది వస్తువు ధర మీద ఒక్కటే కాదు, షిప్పింగ్ కూడా కలిపి వేస్తారు. ఆపైన జీఎస్టీ, కార్డువాళ్ళ ఫారెక్స్ ఛార్జీ. వెబ్‌సైట్‌లో కనబడే రేటు చూసి బడ్జెట్ వేయకండి.

ప్రతి బిల్లూ, ప్రతి డబ్బా ఫోటో ఒక నోటుపుస్తకంలో అంటించండి. ఇంటి సామాన్ల ఇన్సూరెన్స్ తీసుకుంటే ఈ సేకరణని విడిగా డిక్లేర్ చేయాలేమో అడగండి, చేయకపోతే క్లెయిమ్ రోజున గొడవ.

మేడమ్‌కి ఎలా చెప్పాలో మీరు అడగలేదు గానీ, నాలుగున్నర మీటర్ల రైలుని బీరువాలో దాచలేరు కదా. మీకు పాస్ ఉంది. ఇద్దరూ పుణె వెళ్ళి, కోత్రూడ్‌లో 1998 నుంచి నడుస్తున్న జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియంలో షో చూసి రండి. బయటికొచ్చి టీ తాగేటప్పుడు ఆవిడ చేతికి 6 లక్షల కొటేషన్ కాదు, ఆ 20 వేల లెక్క రాసిన కాగితం ఇవ్వండి.