ఆ వాన ఎవరి కల్లంలో పడింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు అందాయి. రెండుసార్లు చదివాను. నీకు మాట మీద పట్టు ఉంది, మనుషుల మీద ప్రేమ ఉంది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

మొదటి పేజీలోనే వైశాఖ మాసం, పిల్లగాలి, కోయిల పాట, విరగబూసిన తోట అన్నీ పెట్టావు. వైశాఖంలో మీ ఊళ్ళో పిల్లగాలి ఎక్కడిదమ్మా? పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతమే, కాదనను. కానీ మన నేల మీద అవి ఏప్రిల్, మే నెలలు. పన్నెండు దాటితే వీధిలో పిట్ట కూడా కదలదు. ఆ వసంతం నువ్వు చదివిన పద్యాల్లోంచి వచ్చింది, మీ వాకిట్లోంచి కాదు.

మన రైతులు ఏడాదిని ఆరు ఋతువులుగా లెక్కపెట్టుకోలేదు. 27 కార్తెలుగా చూసుకున్నారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. ఎప్పుడు దుక్కి దున్నాలో, ఎప్పుడు విత్తాలో అంతా దాన్నిబట్టే. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. 2015 మే చివర, సరిగ్గా రోహిణి రోజుల్లోనే, రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. చాలామంది ముసలివాళ్ళు, ఎండగా ఉందని పని మానుకోలేని కూలీలు. 'ఎండ నిప్పులు చెరుగుతోంది' అని రాస్తే చదివేవాళ్ళకు ఏమీ తగలదు. పనికి పోయిన తల్లి పదకొండింటికే తిరిగి వచ్చి, కుండ దాకా కూడా నడవలేక మంచం కోడు పట్టుకుని కూలబడిందని రాయి.

మాది పల్నాడు. మాకు మాఘ ఫాల్గుణాలంటే మిరప కల్లాలు. కోసిన కాయ రోజుల తరబడి నేల మీద ఎండాలి. నాకు పదేళ్ళప్పుడు ఒక రాత్రి ఉరుము వినిపించింది. మా అమ్మ దీపం కూడా పట్టుకోకుండా కల్లానికి పరుగు తీసింది. ఉన్న పట్టాలు చాలలేదు. మేం పడుకున్న దుప్పట్లు, జంపఖానా లాక్కుపోయి కాయల మీద కప్పింది. వాన పడింది పది నిమిషాలే. తెల్లవారాక మా నాన్న ఒక కాయ విరిచి, గింజ చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఏమీ అనలేదు. తడిసిన కాయంతా వారం తిరిగేసరికి రంగు తప్పి తెల్లబడింది. దాన్ని తాలు అంటారు. ఎర్ర కాయ ధర తాలుకు రాదు. ఆ ఏడు మా అక్క పెళ్ళి ఆగిపోయింది. ఇప్పటికీ మాఘంలో మబ్బు పడితే మా అక్క ఆకాశం వైపు చూడదు.

నీ కథలో మూడుసార్లు వాన పడింది. మూడుసార్లూ నాయిక కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆ వాన ఎవరి కల్లంలో పడిందో, ఎవరి బాకీ పెరిగిందో, ఎవరి నారు బతికిందో నువ్వు చెప్పలేదు. నాకు అది కావాలి.

ఇంకొక పొరపాటు సరిదిద్దుకో. రెండో అధ్యాయంలో నాయకుడు అక్టోబరులో వరంగల్ నుంచి నెల్లూరు వెళ్ళాడు. అక్కడా వానలు వెళ్ళిపోయాయని రాశావు. వరంగల్ చేలల్లో పత్తి ఏరుతున్న ఆ రోజుల్లోనే నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. ఏడాది వానలో ఎక్కువ భాగం వాళ్ళకు అప్పుడే పడాలి. పగిలిన పత్తికాయలు చూస్తూ బస్సెక్కినవాడు దుక్కి తడుపుతున్న వానలో దిగుతాడు. ఆ ప్రయాణంలో ఎంత కథ ఉందో ఆలోచించు! తీరం వెంట ఆ కాలానికి భయం కూడా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. వాయుగుండం అన్న మాట రేడియోలో వినగానే అక్కడి ముసలివాళ్ళు ఈనాటికీ ముందు పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు.

బతుకమ్మ పేర్చే ఘట్టం మాత్రం నిజంగా బాగుంది. గునుగు పూలకు రంగులద్దే చేతుల్ని దగ్గర నుంచి చూశావు. ఆ గునుగు, ఆ తంగేడు వానలు పోసిన నేల మీద పూసినవని ఒక్క వాక్యంలో తెలిసేలా చెయ్యి, చాలు.

నిన్న మృగశిర కార్తె ప్రవేశించింది. తొలకరి పడ్డాక మీ చెలకలోకి ఒకసారి వెళ్ళు. ఆరుద్ర పురుగులు కనిపిస్తాయేమో చూడు. చింతగింజకన్నా చిన్నవి, మఖమలు గుడ్డ కప్పినట్టు ఎర్రగా ఉంటాయి. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి. ఏడాదిలో చాలాభాగం మట్టిలోనే ఉండి, తడి తగలగానే పైకి వస్తాయి. అవి తిరుగుతుంటే అదను వచ్చిందని విత్తనం పెట్టేవాళ్ళు. పురుగుమందులు పెరిగాక వాటి జాడ తగ్గిందని రైతులు చెబుతున్నారు. మీ ఊళ్ళో ఇంకా వస్తున్నాయా? మీ నాయనమ్మ చిన్నప్పుడు ఎన్ని కనిపించేవో అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, మొదటి పేజీ కొట్టేసి, మిగతాది నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు