డెనిస్ రిచీ చనిపోతే జాబ్స్‌కి వచ్చినంత పేరు ఎందుకు రాలేదు?

స్టీవ్ జాబ్స్ పోయింది 2011 అక్టోబర్ 5న, ఆ రోజు టీవీలన్నీ అదే. వారం తిరిగేసరికి, 12న, న్యూజెర్సీలో ఒంటరిగా ఉంటున్న రిచీ (సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ సృష్టికర్త) తన ఇంట్లో చనిపోయి కనిపించారు, వయసు 70. బయటికి చెప్పింది కూడా పాత సహోద్యోగి రాబ్ పైక్, ఒక పోస్ట్ పెట్టి, అంతే.

ఎవరూ పట్టించుకోలేదనడం కొంచెం ఎక్కువేలెండి, ప్రోగ్రామర్లు బాగానే బాధపడ్డారు. కాకపోతే జాబ్స్ చేయించింది మన చేతిలో కనిపిస్తుంది, రిచీ చేసింది పునాదిలో ఉంటుంది. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో ఆయన సీ లాంగ్వేజ్ తయారుచేశారు, సహోద్యోగి కెన్ థాంప్సన్‌తో కలిసి కట్టిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని (ఓఎస్) 1973లో అందులోనే తిరగరాశారు, దాంతో ఒక మెషీన్ కోసం రాసిన ఓఎస్‌ని ఇంకో మెషీన్ మీదకి తీసుకెళ్లడం తేలికైపోయింది. అసలు కిటుకు అదే. లినక్స్ అనే ఓఎస్ గుండెకాయ (కెర్నల్) దాదాపు అంతా సీలో రాసిందే, ఆండ్రాయిడ్ నడిచేది దాని మీదే, ఐఫోన్ ఓఎస్ మూలాలూ యూనిక్స్‌లోనే ఉన్నాయి, అంటే జాబ్స్ ఫోన్ కూడా ఈయన బాకీయే!

1983లో థాంప్సన్‌తో కలిపి ఈయనకి ట్యూరింగ్ అవార్డ్, అంటే కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిది, ఇచ్చారు. మనలో చాలామందికి మాత్రం బీటెక్ మొదటి ఏడాదిలో పాయింటర్లు అర్థంకాక తిట్టుకున్న లాంగ్వేజ్ ఈయనదని కూడా తెలీదు.