లారీల్లోంచి దించిన పశువులకు ఆ రోజే కడుపునిండా పెట్టొచ్చా?

శ్రీకాకుళం దగ్గర 16వ నంబరు హైవే మీద లారీల్లో పట్టుబడిన ఆవులను, ఎద్దులను గోశాలకు తెస్తే ఊరివాళ్లం అన్నం, తవుడు పట్టుకెళ్లి పెట్టొచ్చా అని అడిగారు. దయచేసి మొదటి రోజు పెట్టకండి.

ఆవు మేతను అరిగించేవి దాని పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు. పస్తులున్న పశువుకు ఒక్కసారిగా అన్నమో, గంజో, బియ్యమో ఎక్కువగా పెడితే అది లోపల విపరీతంగా పులిసి యాసిడ్ తయారవుతుంది. పశువు నెమరు మానేస్తుంది, పారుకుంటుంది, లేవలేక కూలబడుతుంది. ప్రాణమే పోవచ్చు. ప్రేమతో పెట్టిన బకెట్ అన్నం వల్ల అలా జరిగితే ఎంత బాధ! ముందు నీళ్లు, కొద్దికొద్దిగా, మాటిమాటికీ. తర్వాత ఎండుగడ్డి. దాణా మాత్రం వారం పది రోజుల మీద మెల్లగా పెంచాలి. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతుంటే ఆలస్యం చేయకుండా 1962కి ఫోన్ చేయండి. సంచార పశువైద్య సేవ నంబరు అది.

గాలికుంటు (నోట్లో, గిట్టల దగ్గర పుళ్లు పడే అంటురోగం) లాంటివి మిగతా పశువులకు అంటుకోకుండా కొత్తవాటిని కనీసం మూడు వారాలు విడిగా కట్టాలి.

ఇలాగే కాపాడి తెచ్చినవి బాయిలర్ కోళ్లయితే (మాంసం కోసం పెంచేవి) వాటి సంగతి వేరు. ఆరు వారాల్లోనే రెండు కిలోలు దాటే జాతి అది, కాళ్లు ఆ బరువు మోయలేవు. అందుకే వాటికి మేత కొలిచి పెట్టాలి, కింద ఊక మందంగా పరవాలి. నాటుకోళ్లతో కలిపి వదిలితే పొడిపించుకుంటాయి, తప్పించుకుని పరిగెత్తలేవు పాపం.