పుల్లైసుల కోసం గొలుసు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మావారు ఆటో నడుపుతారు, ఇద్దరు పిల్లలు. పోయిన వేసవిలో ఆరు ఐసులు పట్టే సిలికాన్ అచ్చు 350 రూపాయలకు కొని పిల్లలకు సేమ్యా ఐసు, మామిడి ఐసు చేసి పెట్టాను. వీధిలో పిల్లలు కూడా అడగడంతో పది రూపాయల చొప్పున అమ్మాను. ఇప్పుడు 40 ఐసులు పట్టే స్టీలు అచ్చు, 300 లీటర్ల డీప్ ఫ్రీజరు కలిపి 45,000కు ఇస్తామంటున్నారు. నా గొలుసు తాకట్టు పెట్టి తీసుకుందామనుకుంటున్నాను. ఆడవాళ్లకు మా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సుభద్ర పథకం డబ్బులు 15,000 ముట్టుకోకుండా అకౌంటులో ఉన్నాయి. పక్కనే ఉన్న పాతపట్నం కొట్లకు కూడా ఐసులు వేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. ఈ ఎండాకాలంలోనే అప్పు తీరిపోతుందా అన్నగారూ?

జవాబు: చెల్లెమ్మా, తీరదు. ఎందుకు తీరదో లెక్క వేసి చూపిస్తాను. వ్యాపారం మానేయమని మాత్రం అనడం లేదు. మీ చేతి ఐసును పిల్లలు అడిగి మరీ కొన్నారు కాబట్టి సరుకు బాగుందన్నమాటే. గొలుసు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.

ముందు ఒక్క ఐసుకు ఎంత పడుతుందో చూద్దాం. లీటరు పాలు 55, చక్కెర 120 గ్రాములు ఐదారు రూపాయలు, సేమ్యా, యాలకులు, కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి 8, గ్యాసు 6. పాలు మరిగి కొంచెం తగ్గినా 60 మిల్లీలీటర్ల ఐసులు 15 వస్తాయి. పుల్ల అర్ధరూపాయి, కవరు అర్ధరూపాయి అనుకుంటే ఇంకో 15. మొత్తం 90, అంటే ఐసుకు 6 రూపాయలు. కరెంటుకు ఇంకో అర్ధరూపాయి వేయండి. పదికి అమ్మితే మీకు మిగిలేది మూడున్నర. ఇవి నేను వేసిన ధరలు, మీ వీధి ధరలతో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు అప్పు సంగతి. 45,000కు ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 5,400. మొత్తం 50,400 తీర్చాలి. మన దగ్గర ఐసు సీజను మార్చి మూడో వారం నుంచి జూన్ మధ్య వరకు పన్నెండు వారాలు. వారానికి ఆరు రోజుల లెక్కన 72 రోజులు. అంటే రోజుకు 700 మిగలాలి. ఐసుకు మూడున్నర చొప్పున రోజూ 200 ఐసులు చెయ్యాలి, చేసినవన్నీ అమ్ముడుపోవాలి.

అచ్చుకు 40 పడతాయి కదా, ఐదుసార్లు పోస్తే 200 అయిపోతాయి అనిపిస్తుంది. అమ్మేవాళ్లు మీకు అచ్చులో ఎన్ని పడతాయో చెప్పారు గానీ, గడ్డకట్టడానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేదు. ఐసు ఫ్యాక్టరీల్లో అచ్చును సున్నాకు 20 డిగ్రీల కంటే దిగువన ఉండే ఉప్పునీళ్ల తొట్టిలో ముంచుతారు. చల్లటి ద్రవం అచ్చును అన్ని వైపులా పట్టుకుంటుంది కాబట్టి అరగంట లోపే గట్టిపడుతుంది. మీకు ఇస్తామంటున్న ఫ్రీజరు గడ్డకట్టిన సరుకును నిలవ ఉంచడానికి చేసింది. అందులో అచ్చు చుట్టూ ఉండేది గాలి, గాలి ద్వారా చల్లదనం నెమ్మదిగా ఎక్కుతుంది. ఒక్క విడతకు ఐదారు గంటలు పడుతుంది. అర్ధరాత్రి లేచి పోసినా రోజుకు నాలుగు విడతలు, 160 ఐసులు. నిద్ర మానుకున్నా 200 రావు. ఈ వ్యాపారంలో మీరు నిజంగా కొనుక్కోవలసింది గడ్డకట్టే గంటలు. అచ్చు కాదు.

ఫ్రీజరు పదేళ్లు వస్తుంది కదా, ఒక్క సీజనులోనే ఎందుకు తీరాలి అని మీరు అడగొచ్చు. ఫ్రీజరు వస్తుంది. కానీ తాకట్టు గడువు సాధారణంగా ఏడాది. జూన్ తర్వాత తొమ్మిది నెలలు ఐసు అమ్మకం ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు. ఆ నెలల్లో మీవారి ఆటో కిరాయిల్లోంచే అది కట్టాలి. ఇంట్లో ఒకరి సంపాదనే ఉన్నప్పుడు అది చాలా టెన్షన్ పెట్టే సంగతి.

కొనేవాళ్ల గురించి కూడా ఆలోచించండి. బడి పిల్లలే మీ ఖాతాదారులు అనుకుంటున్నట్టున్నారు. మన ఒడిశాలో ఎండలు పెరగగానే బడులు పొద్దుటి పూటకు మారిపోతాయి, ఆ తర్వాత సెలవులిచ్చేస్తారు. ఐసుకు బాగా గిరాకీ ఉండే రోజుల్లో బడి గేటు దగ్గర ఎవరూ ఉండరు. అందుకని సాయంత్రం నాలుగు తర్వాత మీ వీధి, పక్క రెండు వీధులనే నమ్ముకోండి. కిరాణా కొట్టులో పెట్టించాలంటే కొట్టాయన పదికి రెండు రూపాయలైనా అడుగుతాడు. అప్పుడు మీకు మిగిలేది రూపాయిన్నర. ఇంటి గుమ్మం దగ్గర 30 అమ్మితే వచ్చేంత లాభం కొట్లో 70 అమ్మితే గానీ రాదు.

కరెంటు గురించి నేను చూసిందే చెబుతాను. మాది గుణుపురం. నౌపడా నుంచి చిన్న రైలు నడిచే రోజుల్లో మా అమ్మ స్టీలు గ్లాసుల్లో పాలు పోసి, పుల్లలు గుచ్చి ఐసులు చేసి అమ్మేది. ఒకరోజు సాయంత్రం కాలబైశాఖికి, అంటే వేసవి గాలివానకు, కరెంటు పోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. గ్లాసు వంచితే పుల్ల పక్కకు ఒరిగిపోయింది, పాలు అడుగున పసుపుగా పేరుకున్నాయి. అమ్మ వాటిని మళ్లీ గడ్డకట్టించి అమ్మలేదు, అన్నీ పారబోసింది. ఆ వారం పాలవాడి బాకీ తీర్చడానికి మా పుస్తకాల కోసం దాచిన డబ్బు తియ్యాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లా ఎలా ఉందో మీకు తెలుసు. నిండుగా ఉన్న ఫ్రీజరును మూత తియ్యకుండా ఉంచితే సరుకు రెండు రోజుల దాకా ఆగుతుంది, సగమే ఉంటే ఒక రోజు. మన ఎండలకు అందులోనూ కొంత తగ్గించి చూసుకోండి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించి పిల్లలకు అమ్మకండి. ఆ నష్టాన్ని లెక్కలో ముందే వేసుకోండి.

మరి ఈ ఏడాది ఏం చెయ్యాలి? సుభద్ర డబ్బుల్లోంచి 4,000 తియ్యండి, అంతకు మించి వద్దు. పదేసి ఐసులు పట్టే చిన్న స్టీలు అచ్చులు రెండు, పుల్లలు, కవర్లు, ఒక థర్మోకోల్ పెట్టె అందులోనే రావాలి. సిలికాన్ అచ్చులోంచి ఐసు తేలిగ్గా ఊడి వస్తుంది కానీ గడ్డకట్టడం ఆలస్యం. స్టీలు త్వరగా చల్లబడుతుంది. అల్యూమినియం చవకే గానీ నిమ్మ, మామిడి పులుపు అందులో పోస్తే లోహం రుచి దిగుతుంది, అందుకని వద్దు.

ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌తోనే రాత్రి ఒక విడత, పొద్దున్న ఒక విడత చెయ్యండి. మరిగించిన పాలు పూర్తిగా చల్లారాక కింది అరలో రెండు గంటలు ఉంచి, అప్పుడు అచ్చులో పోస్తే గంటకు పైగా కలిసొస్తుంది. వేడిగా పోస్తే ఫ్రిజ్ కష్టపడుతుంది, బిల్లు పెరుగుతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, కాబట్టి అచ్చు అంచు దాకా పొయ్యకుండా అర అంగుళం వదలండి. నిండా పోస్తే పొంగి మూతకు అంటుకుంటుంది, తీసేటప్పుడు పుల్ల ఒక్కటే చేతికొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి, పుల్లను గుంజకుండా కొంచెం తిప్పి పైకి తీస్తే అంచులు చెదరకుండా వస్తుంది. వెంటనే కవర్లో వేసి మళ్లీ లోపల పెట్టెయ్యండి, అచ్చు తర్వాతి విడతకు ఖాళీ అవుతుంది. విరిగిన ఐసు ఎవరూ కొనరు. రోజుకు మూడు విరిగితే పదిన్నర రూపాయలు కాదు పోయేది, అమ్మకం ధర 30 పోతుంది.

పాల ఐసు ఒక్కదాని మీదే ఉండకండి. ఏప్రిల్ మధ్యలో వచ్చే మహావిషువ సంక్రాంతికి ఒడియా ఇళ్లలో మారేడు పండు పానకం, వాళ్లు బేల పణా అంటారు, తప్పకుండా చేస్తారు. అదే పానకాన్ని అచ్చులో పోస్తే ఐసుకు రెండు, రెండున్నర కంటే ఎక్కువ పడదు, ఐదుకు అమ్మొచ్చు. తెలుగువాళ్లూ కొంటారు, ఒడియా వాళ్లూ కొంటారు. తీపి విషయంలో ఒక మాట. తాగేటప్పుడు సరిపోయిన తీపి గడ్డకట్టాక నాలుకకు చప్పగా తగులుతుంది. మరీ ఎక్కువ వేస్తే గట్టిపడదు. పండ్ల ఐసుకు లీటరుకు 150 గ్రాముల చక్కెరతో మొదలుపెట్టి చూడండి. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే వాడండి, ఇందులో మినహాయింపు లేదు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. ఒక్క బిడ్డకు వాంతులైతే మీ వీధిలో ఇక ఎవరూ కొనరు, కొనకూడదు కూడా.

ఇలా రోజుకు 30 అమ్మితే 105 రూపాయలు, 72 రోజులకు 7,560. కరిగినవి, విరిగినవి పోను ఆరున్నర వేలు. మీరు పెట్టిన నాలుగు వేలు సీజను సగం దాటాక తిరిగొస్తాయి. రోజుకు మూడు గంటల పనికి ఇది గంటకు 30 రూపాయలే. తక్కువే, నేను కాదనను. కానీ ఏ అప్పూ లేకుండా వచ్చిన 30 అది.

కాగితాల పని కొంచెం ఉంది. మీది చిన్న వ్యాపారం కాబట్టి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫోస్కోస్ వెబ్‌సైటులో చేసుకోవచ్చు, ఫీజు స్వల్పమే. కవరు మీద ఐస్‌క్రీం అని రాయకండి. ఆ పేరు పెట్టాలంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి.

ఇక మీ తమ్ముడి మాట. పాతపట్నం మీకు నాలుగు అడుగుల దూరమే, కానీ అది ఆంధ్రప్రదేశ్. సొంత రాష్ట్రంలో అమ్ముకునేవాళ్లకు జీఎస్టీ మినహాయింపు చాలా సరుకులకు 40 లక్షల దాకా ఉంటే, ఐసులకు 20 లక్షల దాకానే ఉంది. మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు కాబట్టి ఆ బెంగ లేదు. వేరే రాష్ట్రంలోని కొట్టుకు సరుకు వేస్తే మాత్రం అమ్మకం పది రూపాయలైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐసుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయినా రిటర్నులు వెయ్యడానికి అకౌంటెంటుకు ఇచ్చే డబ్బు మీ లాభం కంటే ఎక్కువ అవుతుంది. పాతపట్నం వాళ్లు మీ గుమ్మానికొచ్చి కొనుక్కుంటే ఆ ఇబ్బంది లేదు. ఈ ఏడాదికి తమ్ముణ్ని ఆగమనండి.

మిగిలిన 11,000 ఎందుకూ తియ్యకండి. మీవారి ఆటోకు రిపేరు వచ్చినా, పిల్లలకు జ్వరమొచ్చినా అదే మీకు ఆధారం. సుభద్ర కింద ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లకు 50,000 వస్తుంది. రాఖీ పౌర్ణమికి, మార్చి 8కి పడే ఆ ఐదేసి వేలను కూడా అందులోనే కలపండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. రోజూ రాత్రి నాలుగు అంకెలు రాయండి: ఎన్ని చేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని పాడయ్యాయి, ఎంత అరువు పోయింది. కరెంటు ఎన్ని గంటలు పోయిందో కూడా పక్కన రాస్తే మంచిది. మే నెలంతా రోజూ 30 ఐసులు సాయంత్రం ఆరు లోపే అయిపోయి, ఇంకా అడిగేవాళ్లు వెనక్కి వెళ్తుంటే అప్పుడు ఫ్రీజరు గురించి మాట్లాడదాం. అప్పుడు కూడా 300 లీటర్లది కాదు, 100 లీటర్లది. సీజను అయిపోయాక వానల్లో బేరమాడితే ధర తగ్గించే కొట్లుంటాయి. ఆ డబ్బుకు గొలుసు అక్కర్లేదు. ముద్ర పథకంలో శిశు అనే రకం రుణం 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, మీరు మహిళా సంఘంలో ఉంటే సంఘం ద్వారా కూడా తీసుకోవచ్చు. బ్యాంకు మేనేజరు ముందు ఆ నోటుపుస్తకం తెరిచి పెట్టండి. జూలైలో ఆ లెక్కలు నాకూ రాసి పంపండి.