ఆమె పక్కన నిలబడని మనిషి

అమ్మాయీ,

1881లో గోదావరి జిల్లా బాలవితంతువు మీద శిశుహత్య కేసు పెట్టినట్టు నవల రాస్తున్నావు. ఏడాదిని బాగా ఎంచుకున్నావు. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ డిసెంబరు 11నే. అదే ఏడు సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు, బిడ్డను చంపిందని ఉరిశిక్ష వేశారు. అప్పీలులో అది ద్వీపాంతర శిక్షగా మారింది. వితంతువులు మళ్లీ పెళ్లాడవచ్చని చట్టం వచ్చి అప్పటికి 25 ఏళ్లు. చట్టం ఉంది, గడప దాటించేవాళ్లు లేరు.

శవపరీక్ష చేసిన నీ సర్జన్ "బిడ్డ ఊపిరి పీల్చలేదు" అనగానే ఆమె వకీలు కేసు కొట్టేయమంటున్నాడు. అది ఇంగ్లండు వాదన. అక్కడ బిడ్డ పూర్తిగా బయటపడి, ప్రాణంతో ఉంటేనే హత్య. మన అప్పటి పీనల్ కోడ్ (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 299వ సెక్షన్ మూడో వివరణ చదువు. ప్రాణమున్న బిడ్డ శరీరంలో ఏ కొంచెం బయటికొచ్చి ఉన్నా చాలు, ఊపిరి తీయకపోయినా ఆ చావుకు కారణమైతే నేరం కావచ్చు. ఇక కాన్పు సంగతి దాచడానికి శవాన్ని గుట్టుగా పూడ్చినా, మరోలా వదిలించుకున్నా అదే కోడ్‌లో 318వ సెక్షన్, గరిష్ఠంగా 2 ఏళ్లు. కడుపులోనే పోయిన బిడ్డయినా సరే. ఉరికీ ఆ రెండేళ్లకీ మధ్య నీ నాయిక ప్రాణం ఊగుతుంది. నువ్వు ఆ ఊగులాటను ఒక్క పేరాలో దాటేశావు.

ఊపిరితిత్తుల పరీక్షను మాత్రం నింపాదిగా రాయి. తిత్తుల్ని కోసి నీళ్లలో వేస్తారు. తేలితే ఊపిరి పీల్చినట్టు, మునిగితే లేనట్టు అని లెక్క. శవం కుళ్లి వాయువు పుట్టినా తేలుతాయి. బతికించాలని ఎవరైనా నోట్లో గాలి ఊదినా తేలుతాయి. నీరసంగా రెండు శ్వాసలు తీసి పోయిన బిడ్డవి మునగవచ్చు. ఇలాంటి గుర్తుల్ని నమ్మి తల్లుల్ని దోషులనడం తప్పని విలియం హంటర్ అనే ప్రసూతి వైద్యుడు 1783లోనే వాదించాడు. నీ కథలో శవం దొరికింది మూడో రోజు, అదీ బావిలో. అలాంటి శవం మీద సర్జన్ అంత ధీమాగా మాట్లాడకూడదు. అతని తడబాటే కోర్టు దృశ్యానికి ప్రాణం.

ఇంగ్లండులో 1624 నాటి చట్టం ఇంకా దారుణం. పెళ్లికాని తల్లి కాన్పు దాచి, బిడ్డ చనిపోతే, అది చచ్చి పుట్టిందని ఆమే సాక్షితో నిరూపించుకోవాలి. అది 1803 దాకా ఉంది. పోనుపోను జూరీలు మెత్తబడి, బిడ్డకు ముందే గుడ్డలు కుట్టి ఉంచిందని తేలితే, చంపే ఉద్దేశం లేదని వదిలేసేవారు. ఈ గుడ్డల సాక్ష్యాన్ని నీ అగ్రహారంలోకి తేకు. వితంతువు ఇంట్లో ఉయ్యాల గుడ్డ దొరికితే ఆ ఊళ్లో అది నేరానికే రుజువవుతుంది.

నీ నాయిక హెడ్ కానిస్టేబులు ముందు ఒప్పుకోవడంతో కేసు తేలిపోయింది. అప్పుడు అమల్లో ఉన్న 1872 ఎవిడెన్స్ యాక్టు (సాక్ష్యాల చట్టం) 25వ సెక్షన్ ప్రకారం పోలీసుతో చెప్పిన ఒప్పుకోలు ఆమె మీద సాక్ష్యంగా చెల్లదు. ఆ అధ్యాయం మొత్తం మార్చు, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టు. 1882లో బుల్ఢానా నుంచి తారాబాయి షిండే అనే మరాఠీ రచయిత్రి, నిందంతా ఆడదాని మీదే ఎందుకని మగవాళ్లను నిలదీసింది. నీ 90 పేజీల్లో ఆ బిడ్డ తండ్రి ఒక్కసారీ కనబడలేదు. అతను ఎవరో, ఆమె వాంగ్మూలంలో అతని పేరు చెబుతుందో మింగేస్తుందో తేల్చుకున్నాకే ఆ అధ్యాయం మళ్లీ మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ అక్కయ్య