లాగ్‌బుక్‌లో ‘స్లింగ్ 1.4’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేము ఒరెగాన్‌లోని హిల్స్‌బరోలో ఉంటాం. మా అబ్బాయి హెలికాప్టర్ కమర్షియల్ లైసెన్స్ తీసుకుని, ఇన్‌స్ట్రక్టర్‌గా 1,100 గంటలు ఎగిరాడు. ఇప్పుడు క్రిస్మస్ చెట్లు మోసే కంపెనీలో లాంగ్‌లైన్, అంటే పొడవాటి తాడుకు లోడ్ వేలాడదీసి ఎగరడం, నేర్చుకుంటున్నాడు. లాగ్‌బుక్‌లో ‘స్లింగ్ 1.4’ (వేలాడే లోడ్ పనికి ఎగిరింది 1.4 గంటలు) అని మాత్రమే రాస్తున్నాడు. ముందు ముందు ఉద్యోగాలకు ఇబ్బంది అవుతుందా?

జవాబు: మీ అబ్బాయి తప్పేమీ చేయలేదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 61.51 నిబంధన అడిగేవి తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి, హెలికాప్టర్ రకం, నంబరు, పైలట్ ఇన్ కమాండా (ఆ ఫ్లైట్ బాధ్యత తనదేనా) శిక్షణా, పగలా రాత్రా వంటివే. కింద వేలాడే బరువుకు వేరే కాలమ్ ఉండాలని అందులో లేదు. అందుకే చాలామంది కుర్రాళ్లు ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

అయితే ఒక్క ఎంట్రీ విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకూడదు. బయట లోడ్ మోసే పనులకు వర్తించేది ఎఫ్‌ఏఏ నిబంధనల్లోని పార్ట్ 133. అందులోని 133.37 ప్రకారం, ఆ పనిలో తనకున్న జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని పైలట్ ముందుగా నిరూపించుకోవాలి. కొత్తవాళ్లు చీఫ్ పైలట్ ముందు చేసి చూపిస్తే చాలు. హోవర్‌లో దిశ అదుపు, లోడ్‌ను వదలాల్సిన చోటికి సరిగ్గా చేర్చడం లాంటివి అందులో ఉంటాయి. అది పూర్తయిందని చెప్పే కాంపిటెన్సీ లెటర్ గానీ, లాగ్‌బుక్ ఎంట్రీ గానీ పైలట్ తన దగ్గరే ఉంచుకోవాలి. కంపెనీ ఫైల్లో ఉందిలే అంటే కుదరదు. మీ అబ్బాయికి ఆ సంతకం పడిందో లేదో ఈ వారమే అడగండి. నన్నడిగితే 1.4 కన్నా ముందు చూడాల్సింది అదే.

ఇక రోజువారీ ఎంట్రీలు. ‘స్లింగ్’ అన్న మాట చదివే చీఫ్ పైలట్‌కు దాదాపు ఏమీ చెప్పదు. నేల నుంచి పూర్తిగా లేచి, అవసరమైతే గాల్లోనే వదిలేయగల లోడ్ క్లాస్ బి. చెట్ల కట్టలు, మంటలార్పే నీళ్ల బకెట్ ఇందులోకే వస్తాయి. కరెంటు తీగ లాగేటప్పుడు లోడ్ నేలను తాకుతూనే ఉంటుంది కాబట్టి అది క్లాస్ సి. కదలకుండా బిగించి, స్కిడ్ల (హెలికాప్టర్ నేల మీద ఆనే కడ్డీల) కిందికి వేలాడనిది క్లాస్ ఎ. మనుషుల్ని వేలాడదీసే పని క్లాస్ డి. ఈ డి పనికి గత 12 నెలల్లో శిక్షణ అయ్యుండాలి. అదే క్లాస్ పనిని అదే రకం హెలికాప్టర్‌తో ఆ 12 నెలల్లో చేసినవాళ్లకు మాత్రం మళ్లీ రిఫ్రెషర్ అక్కర్లేదు. అలా చేశానని చూపించడానికి క్లాస్, మోడల్, తేదీ ఉన్న ఎంట్రీ చేతిలో ఉండాలి కదా.

నేనైతే ఇలా రాయమంటాను: ‘క్లాస్ బి, 100 అడుగుల లైన్, వర్టికల్ రిఫరెన్స్, చెట్లు, లోడ్ పని 0.9’. మొత్తం సమయం మాత్రం 1.4గానే ఉంటుంది. లైన్ పొడవు తప్పకుండా రాయాలి. హెలికాప్టర్ పొట్ట కింద ఉండే బొడ్డు హుక్కుకు తగిలించిన లోడ్‌ను అద్దంలో చూస్తూ ఎగరడం వేరు, తలుపులోంచి వంగి 100 అడుగుల కింద ఊగే కట్టను చూస్తూ దించడం వేరు; వర్టికల్ రిఫరెన్స్ అంటే ఇదే. లాంగ్‌లైన్ ఉద్యోగాలకు చూసేది ఈ రెండోదే.

0.9 ఎలా లెక్కేయాలి? దానికి ప్రత్యేక నిర్వచనమేమీ లేదు. మొదటి హుక్ తగిలించినప్పటి నుంచి చివరిది వదిలేదాకా లెక్కేసి, ఫెర్రీ ప్రయాణాన్ని (లోడ్ లేకుండా పని చోటికి వెళ్లి రావడాన్ని), ఇంధనం నింపుకునే విరామాన్ని తీసేయడం నిజాయతీగా ఉంటుంది. లెక్క పద్ధతిని మొదటి పేజీలో రాసుకుని, దాన్నే పాటించాలి. ఇన్‌స్ట్రక్టర్ తాను నడిపి చూపించిన నిమిషాలు మీవాడి లోడ్ సమయంలోకి రావు. గ్రౌండ్ క్రూగా హుక్కులు తగిలించిన రోజులు ఉంటే వాటిని రెజ్యూమేలో రాయాలి, లాగ్‌బుక్‌లో కాదు. కావాలని తప్పుడు ఎంట్రీ రాస్తే 61.59 కింద లైసెన్సే పోవచ్చు. వంద గంటలు ఎక్కువ చూపించాలని ఆశపడి ఆ పని చేసేవాళ్లూ ఉంటారు.

ఇప్పటిదాకా రాసిన ‘స్లింగ్’ ఎంట్రీలను కొట్టేసి దిద్దనివ్వకండి. కంపెనీ ఫ్లైట్ రికార్డులు ముందు పెట్టుకుని, రిమార్క్స్‌లో క్లాస్, లైన్ పొడవు చేర్చి, చేర్చిన తేదీ కూడా పక్కన వేయమనండి. గుర్తుకు రానివాటిని ఉన్నవి ఉన్నట్టే వదిలేయమనండి.